కూడలిలో ఆగాల్సింది గీతకు ఇవతలే

ఏలూరు: ఎర్రదీపం వెలగగానే వాహనం ఆపాలని చోదకులందరికీ తెలుసు. ఎక్కడ ఆపాలన్నదే పలువురికి పట్టడం లేదు. రద్దీ వేళల్లో ద్విచక్ర వాహనాలు, ఆటోలు జీబ్రా చారలపైనే నిలుస్తుండటంతో వృద్ధులు, బడిపిల్లలు వాటి మధ్య సందులు వెతుక్కుంటూ రోడ్డు దాటాల్సి వస్తోంది.

చారలకు ముందు రోడ్డుకు అడ్డంగా ఉండే తెల్లగీతే స్టాప్‌లైన్. వాహనంలోని ఏ భాగమూ దానిని దాటి ఉండరాదు. గీత చెరిగిపోయిన చోట (మన పట్టణాల్లో ఇది మామూలే) చారలకు ముందు, అవీ లేకుంటే కూడలిలోకి ప్రవేశించక మునుపే ఆగాలి.

పసుపుదీపం వేగం పెంచమన్న సూచన కాదు. అది కూడా ఆగమనే చెబుతుంది. గీతకు మరీ చేరువై, క్షేమంగా ఆగడం సాధ్యం కానప్పుడు మాత్రమే ముందుకు సాగవచ్చు. ఎర్రదీపం ఆరుతూ వెలుగుతుంటే పూర్తిగా ఆగి, దారి చూసుకుని కదలాలి. అదే పసుపుదీపమైతే నిదానించాలి. కూడలిలో పోలీసు ఉంటే దీపాల కంటే ఆయన చేతిసైగకే ప్రాధాన్యం. పచ్చదీపం వెలుగుతున్నా, అవతల ఖాళీ లేనప్పుడు కూడలి మధ్యలోకి వెళ్లి చిక్కుకోరాదు.

దీపాలు లేని చోటే అసలు చిక్కు. పల్లె దారుల నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీదకు వచ్చేవారు, ప్రధాన రహదారిపై సాగే వాహనాలకు దారి ఇవ్వాల్సిందే. ఎనిమిది భుజాల ఎర్రబోర్డు ఉంటే, రోడ్డు ఖాళీగా కనిపించినా చక్రాలు పూర్తిగా నిలవాలి. తలకిందుల త్రికోణం ఉన్నచోట ఇతరులకు దారి వదలాలి. ఏ బోర్డూ లేక, రెండూ సమాన రహదారులైతే కుడివైపు నుంచి వచ్చేవారిది ముందు హక్కు.

ధాన్యం, పామాయిల్ గెలలు తీసుకువెళ్లే ట్రాక్టర్ల చోదకులు మరింత జాగ్రత్త వహించాలి. సగం దాటి డివైడర్ సందులో ఆగితే ట్రాలీ వెనుక భాగం రోడ్డుపైనే ఉండిపోతుంది. చీకట్లో వేగంగా వచ్చే లారీకి అది కనిపించేసరికే ఆలస్యమవుతుంది. రెండు వైపులా ఖాళీ ఉందని నిర్ధారించుకున్నాకే బయలుదేరాలి. ట్రాలీ వెనుక ఎర్రటి రిఫ్లెక్టర్లు తప్పనిసరిగా ఉండాలి.

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం ఎర్రదీపాన్ని, స్టాప్ బోర్డును ఉల్లంఘిస్తూ ఇతరులకు ప్రమాదం కలిగించేలా నడపడం 184వ సెక్షన్ కిందకు వస్తుంది. తొలిసారి నేరానికి 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తనిఖీల్లో వసూలు చేసే రాజీ రుసుము మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.