లంకెబిందెల ఆశ, లోహం పసిగట్టే యంత్రం



మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు ఊరికి వచ్చాడు. బెంగుళూరులో చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాడు. భోజనాలయ్యాక పక్కకు వచ్చి కూర్చుని, "మామా, నువ్వు శాసనాలు, రాళ్ళు అంటూ తిరుగుతుంటావు కదా. నేలలో లోహం ఉందో లేదో చెప్పే యంత్రం ఒకటి కొందామనుకుంటున్నాను. మొదటిసారి. చేతిలో ఎక్కువ డబ్బు లేదు. ఎలాంటిది కొంటే మంచిది?" అని అడిగాడు.

"దేనికిరా?" అన్నాను.

కాస్త నసిగి, "గుడిబండ కోట కింద పాళెగాళ్ళు దాచిన ధనం ఉందంటారు కదా" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. నాకు మా చెరువు కట్ట మీది వీరగల్లు గుర్తుకొచ్చింది. మూడు అంతస్తుల రాయి. కింద యుద్ధం, నడుమ వీరుణ్ణి మోసుకుపోతున్న అప్సరసలు, పైన దేవుడి సన్నిధి. మధ్యలో రెండు వరుసల పాత అక్షరాలు. చిన్నప్పుడు ఎద్దులను నీళ్ళకు తోలుకొచ్చి, దాని నీడలో కూర్చునేవాళ్ళం. ఒక అమావాస్య మరునాడు వెళ్ళి చూస్తే రాయి రెండు ముక్కలై పడి ఉంది. దాని అడుగున నడుము లోతు గొయ్యి, గట్టు మీద నిమ్మకాయలు, కుంకుమ. గోతిలో ఏమీ దొరకలేదని చూస్తేనే తెలుస్తోంది. కానీ విరిగింది సరిగ్గా అక్షరాల మీదనే. ఆ వీరుడు ఎవరో, ఏ ఊరి పసుల మందను విడిపించబోయి చచ్చిపోయాడో, ఇక ఎవరూ చదవలేరు. వెయ్యేళ్ళు నిలిచిన పేరు ఒక్క రాత్రిలో పోయింది.

అందుచేత ఈనాటి ప్రసంగంలో మా మేనల్లుడికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను. ముందు చరిత్ర, తర్వాత యంత్రం, ఆ తర్వాత చట్టం.

మన ప్రాంతంలో నేలలో ధనం ఉందనే నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. బ్యాంకులు లేని కాలంలో రైతుకైనా, కోమటికైనా, పాళెగానికైనా నేలే పెట్టె, ఇంటి గోడే బీరువా. పైగా చిక్కబళ్ళాపురం, గుడిబండ, గుమ్మనాయకనపాళ్యం, నంది, ఇవన్నీ సైన్యాలు నడిచిన దారులు. 1762లో హైదరాలీ చిక్కబళ్ళాపురం పట్టుకున్నాడు. 1791 అక్టోబరులో కార్న్‌వాలిస్ సేనలు నందిదుర్గాన్ని పట్టుకున్నాయి. దండు వస్తోందంటే ఇల్లాలు మెడలోది తీసి కుండలో పెట్టి పెరట్లో పూడ్చేది. తిరిగి వచ్చినవాళ్ళు తవ్వుకున్నారు. రానివాళ్ళది అక్కడే ఉండిపోయింది. లంకెబిందెల కథల్లో నిజమున్నంత మేర ఇదే.

అలా ఉండిపోయినవి దొరికిన సందర్భాలూ ఉన్నాయి. 1891లో బెంగుళూరు పక్కన యశవంతపురంలో రైల్వే పనికి తవ్వుతుంటే 163 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. 1965లో హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం దగ్గర మరో 256 దొరికాయి. అగస్టస్, టైబీరియస్ అనే రోమన్ చక్రవర్తుల కాలపు నాణేలు! సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఈ మెట్టభూమికి రెండువేల ఏళ్ళ కిందటే రోముతో వ్యాపార సంబంధం ఉందని మనకు తెలిసింది వాటి వల్లనే. అయితే వాటిని తవ్వింది నిధి కోసం వెదికినవాళ్ళు కాదు, పని చేసుకుంటున్న కూలీలు. దొరికిన సంగతి అధికారులకు చేరింది కాబట్టి చరిత్ర అయింది. చేరకపోయి ఉంటే కంసాలి కుంపటిలో కరిగి నాలుగు పట్టీలయ్యేది.

ఇంకొక సంగతి. నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయం తొమ్మిదో శతాబ్ది ఆరంభం నాటిదని మనం ధైర్యంగా చెప్పగలగడానికి ఆ కాలపు శాసనాలే ఆధారం. వాటిలో బాణరాజుల రాగిరేకులు కూడా ఉన్నాయి. రాగి ఎంత? తూకం వేస్తే ఏపాటి డబ్బు వస్తుంది? కానీ ఆ రేకుల మీది మాటలకు వెల కట్టేదెవరు? 1905లో బి.ఎల్. రైస్ కోలారు జిల్లా శాసనాలను ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా అచ్చు వేయించాడు. అప్పటి కోలారు జిల్లాలో మన చింతామణి, బాగేపల్లి తాలూకాలూ ఉన్నాయి. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది. మన పొలాల గట్ల మీది రాళ్ళను అంత శ్రద్ధగా చదివినవారున్నారు. ఆ రాళ్ళను పగలగొడుతున్నవాళ్ళూ మనలోనే ఉన్నారు.

ఇక యంత్రం సంగతి. దీని పుట్టుకే ఒక కథ. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఒకడు తుపాకితో కాల్చాడు. గుండు ఒంట్లో ఎక్కడుందో వైద్యులకు అంతుపట్టలేదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ తీగచుట్టలతో ఒక పరికరం తయారుచేసి పడక దగ్గరికి తెచ్చాడు. పరికరం మంచిదే. కానీ ఆయన్ను పడుకోబెట్టిన పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి. పెద్ద వైద్యుడేమో తాను అనుకున్న కుడివైపే వెదకనిచ్చాడు. గుండు ఎడమవైపు ఉంది. సెప్టెంబరులో అధ్యక్షుడు చనిపోయాడు. యంత్రం ఎంత మంచిదైనా, తప్పు చోట వెదికితే, చుట్టూ వేరే ఇనుము ఉంటే, అది పనికిరాదు. నూటనలభై ఏళ్ళ తర్వాత కూడా మొదటి పాఠం ఇదే.

ఆ తర్వాత 1930లలో గెర్హార్డ్ ఫిషర్ అనే ఇంజనీరు అమెరికాలో దీన్ని చేత పట్టుకు తిరిగే సాధనంగా చేసి, 1937లో పేటెంటు పొందాడు. రెండో ప్రపంచయుద్ధంలో యూజెఫ్ కొసాట్‌స్కీ అనే పోలండు సైనికాధికారి మందుపాతరలు వెదికే యంత్రం రూపొందించాడు. 1942లో ఎల్ అలమైన్ ఎడారి యుద్ధంలో దారి శుభ్రం చేసింది అదే.

ఇది పనిచేసే తీరు సులువే. కర్ర చివర పళ్ళెంలాంటి తీగచుట్ట ఉంటుంది. అది నేలలోకి అయస్కాంత తరంగం పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. వాటి జవాబును రెండో చుట్ట అందుకుని చెవిలో కూత పెడుతుంది. అంతే. మంత్రం లేదు, అంజనం లేదు.

తక్కువ డబ్బుతో మొదటిది కొనేవాళ్ళు గమనించవలసినవి చెబుతాను.

ఒకటి, పోలీసులు బస్టాండులోను, జాతరలోను ఒంటి చుట్టూ తిప్పే పొట్టి కర్ర చవకగా దొరుకుతుంది. అది నేలకు పనికిరాదు. నాలుగు వేళ్ళ దూరం దాటి దానికి తెలియదు. నేలకు కావలసింది పొడుగు కర్ర, ఎనిమిది తొమ్మిది అంగుళాల చుట్ట ఉన్న యంత్రం. వి.ఎల్.ఎఫ్. అనే తక్కువ పౌనఃపున్యపు రకం మొదటివాళ్ళకు చాలు. పల్స్ రకం మరింత లోతు చూస్తుంది గాని ధర ఎక్కువ. ఇనుమునూ ఇతర లోహాన్నీ అది సరిగా వేరుచేసి చెప్పలేదు.

రెండు, మన ఎర్రనేలలో ఇనుము పాలు ఎక్కువ. ఊరికే కూస్తూనే ఉంటుంది. అందుచేత నేలకు తగ్గట్టు సర్దుకునే ఏర్పాటు, గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు, అది ఉన్నదే కొనాలి. మిగిలిన హంగులన్నీ లేకపోయినా ఫరవాలేదు, ఇది లేకపోతే మన చేలల్లో అడుగు వేయలేరు.

మూడు, లోతు. రూపాయి బిళ్ళంత వస్తువు ఒక జానెడు లోతున ఉంటే మామూలు యంత్రం పసిగడుతుంది. పెద్ద బిందె అయితే ఇంకొంత లోతులోనూ తెలుస్తుంది. పది గజాల కింద బంగారం చూపిస్తుందని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి.

నాలుగు, యంత్రానికి బంగారం మాత్రమే తెలియడం అంటూ ఉండదు. మాత్రల రేకు, సీసా మూత, ఉంగరం, మూడూ దాదాపు ఒకే కూత కూయవచ్చు. ఇనుమును వదిలెయ్యమని మరీ గట్టిగా బిగిస్తే చిన్న బంగారమూ వదిలేస్తుంది. కోలారు గనుల బంగారం మాట అంటారా, అది రాతిలో కంటికి ఆనని నలుసులుగా ఉండేది. 2001లో గనులు మూసే దాకా దాన్ని రాయి నూరి, రసాయనాలతో తీశారు. అలాంటి దానికి ఈ కూత యంత్రం పనికిరాదు.

ఐదు, ఉన్న డబ్బంతా యంత్రానికే పెట్టవద్దు. చెవికి పెట్టుకునేది, మంచి బ్యాటరీలు, చిన్న తొలిక, ఇవి కావాలి. చేత పట్టి పావుగంట ఊపి చూడండి. బరువు భుజానికి తెలియాలి. ఇంటి పెరట్లో ఒక నాణెం నాలుగు వేళ్ళ లోతున, ఒకటి బెత్తెడు లోతున, ఒకటి జానెడు లోతున పాతి, కూతల తేడా నేర్చుకోండి. వాన పడిన మరునాడు మరోసారి చూడండి.

ఇక మోసాలు. చేతిలో రెండు ఊచలు పట్టుకుని నడిస్తే అవే తిరిగి ధనం చూపిస్తాయనేది పాత మోసం. దానికి రంగువేసి, లైట్లు పెట్టి, దూరం నుంచే పసిగడుతుందని అమ్మేది కొత్త మోసం. ఇంగ్లండులో ఒకడు గోల్ఫు బంతులు వెదికే ఆటవస్తువు లాంటిదాన్నే బాంబులు కనిపెట్టే యంత్రమని ఇరాకుకు వేల డాలర్ల చొప్పున అమ్మాడు. లోపల ఏమీ లేదు. 2013లో అక్కడి కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. ఆ బొమ్మను నమ్మి నిలబడినవాళ్ళ ప్రాణాలు ఏ శిక్షతోనూ తిరిగి రావు. మన దగ్గర బియ్యం లాగే చెంబు అనే మోసం సంగతి మీకు తెలిసిందే. దాని పేరున భూములు అమ్ముకున్న కుటుంబాలు సరిహద్దుకు ఇరువైపులా ఉన్నాయి.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1878 నాటి నిక్షేప చట్టం ప్రకారం నేలలో దొరికిన ధనం పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏమిటి, ఎంత, ఎక్కడ, ఎప్పుడు, అన్నీ రాయాలి. దాచినవారి తాలూకు ఎవరూ లేరని తేలితే, దొరికించుకున్నవానికి మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇస్తుంది. దాచిపెట్టి పట్టుబడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. కొడికొండ చెక్‌పోస్టు దాటి ఇవతలికొస్తే కర్ణాటకకు 1962 నాటి సొంత చట్టం ఉంది. మన వైపు డి.సి. కార్యాలయానికి తెలపాలి. నూరేళ్ళు దాటిన శిల్పమో నాణెమో 1972 చట్టం కింద పురావస్తువు అవుతుంది. దాన్ని దేశం దాటించడం నేరం. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాల ఆవరణలో అనుమతి లేకుండా తవ్వకూడదు. కట్టడానికి హాని చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

కాబట్టి కోటలు, గుళ్ళు, పాటిదిబ్బలు, పాండవుల గుళ్ళని మనం పిలిచే రాతి సమాధులు, వీటి దగ్గరికి యంత్రంతో పోనే వద్దు. ఆ సమాధుల్లో ఉండేది ఎముకలు, కుండలు, ఇనుప కత్తులు. దొంగకు చెత్త, చరిత్రకు సర్వస్వం.

మరి దేనికి కొనాలి? ఇంగ్లండులో 1992 నవంబరులో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. వెదికిపెట్టమని స్నేహితుణ్ణి అడిగాడు. సుత్తి కోసం యంత్రం తిప్పుతుంటే రోమన్ కాలపు బంగారు, వెండి నాణేలు తగిలాయి. ఆయన కొన్ని తీయగానే ఆపేసి కబురు పెట్టాడు. మరునాడు పురావస్తు శాఖవారు వచ్చి పెట్టె అడుగు కదలకుండా తీశారు. దాదాపు పదిహేను వేల నాణేలు. అక్కడి ప్రభుత్వం పదిహేడున్నర లక్షల పౌండ్ల పారితోషికం ఇచ్చింది. సుత్తి కూడా దొరికింది. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆయన గొప్పతనం దొరికించుకోవడంలో లేదు, తవ్వడం ఆపడంలో ఉంది.

మా మేనల్లుడు చివరికి ఒక మామూలు యంత్రం కొన్నాడు. గుడిబండ మాట మళ్ళీ ఎత్తలేదు. వేసవిలో మా అక్క వేరుశెనగ చేలో పోగొట్టుకున్న మెట్టె రెండు రోజులు తిరిగి వెదికిపెట్టాడు. దానితోపాటు పదకొండు మేకులు, ఒక లాడం, మోటారు స్పానరు. మూడో రోజు గట్టు పక్కన ఏనుగు బొమ్మ ఉన్న రాగి కాసు ఒకటి దొరికింది. టిప్పు కాలందో, ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు కాలందో చూడాలి.

"ఒక్క కాసుకు కూడా రాయాలా మామా?" అన్నాడు.

"రాయి" అన్నాను. ఏ గట్టు, ఎంత లోతు, ఏ తేదీ, అన్నీ కాగితం మీద పెట్టి తహసీల్దారు ఆఫీసుకు తీసుకుపోయాం. గుమాస్తా నవ్వాడు, అయినా తీసుకున్నాడు.

శ్రోతలారా, మీ ఊరి చెరువు కట్ట మీద, గుడి ముందర వీరగల్లు ఉంటే రేపు పొద్దున ఒకసారి వెళ్ళి చూడండి. దాని అడుగున ధనం లేదు. దాని మీద ఉంది. అది పోకుండా చూసుకోండి. సెలవు.