కొరియా ఆదరువులు : వాని చరిత్ర, శాస్త్రము

ఏ జాతి భోజనములోనైనా రెండు భాగములు వుంటాయి. కడుపు నింపేది ఒకటి. దానిని నోటికి హితవుగా చేసేది రెండవది. మన రాయలసీమలో రాగిసంగటి మొదటిది. ఊరిబిండి, పుల్లగూర, ఊరగాయ రెండవది. కొరియా దేశములో అన్నము మొదటిది. దాని చుట్టూ చిన్న చిన్న గిన్నెలలో అమర్చే కూరలను, పచ్చళ్ళను వారు ‘బాన్‌చాన్’ అంటారు. ఆదరువులనే మన పాతమాట దీనికి చక్కగా సరిపోతుంది. వీటిలో ప్రసిద్ధమైనది కిమ్‌చీ.

ఇంత దూరదేశపు వంటల ప్రసక్తి మనకెందుకని పాఠకులు అడుగవచ్చును. హ్యుందాయ్ సంస్థ శ్రీపెరంబుదూరు వద్ద నెలకొల్పిన కర్మాగారములో 1998లో కార్ల ఉత్పత్తి ఆరంభమైనది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారమునుండి 2019 ఆగస్టులో తొలి కారు వెలువడినది. 2025 మే నెలలో శ్రీసిటీలో ఎల్‌.జి. సంస్థ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఈ మూడూ కొరియావారి సంస్థలే. పుత్తూరువంటి ఊళ్ళలో చదువుకొన్న పిల్లలు కొరియావారి ప్రక్కన కూర్చుండి భోజనము చేయవలసిరావటము నేడు వింత కాదు. అటువంటప్పుడు “అది కుళ్ళిన కూర గదా సార్!” అని తరగతిలో విద్యార్థులు అడుగుతూ వుంటారు. ఈ మాట చిన్నది కాదు. పొరుగువాని తిండిని కుళ్ళు అన్న తరువాత అతనితో పొత్తు ఎట్లా కుదురుతుంది? పైగా శాస్త్రరీత్యా ఆ మాట సరికాదు.

కిమ్‌చీ అనగానే ఎర్రని కారము కంటికి కట్టుతుంది. కాని ఈ ఎరుపు పురాతనమైనది కాదు. 1168 - 1241 సంవత్సరముల మధ్య జీవించిన యీ గ్యుబో అనే కొరియా కవి ముల్లంగిని ఉప్పులో ఊరవేసే పద్ధతిని పేర్కొన్నాడు. అప్పటి ఊరగాయలో మిరప లేదు. వుండే అవకాశమూ లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబస్ ఆ ఖండము చేరిన తరువాతనే అది తక్కిన ప్రపంచమునకు ప్రాకినది. మన దేశమునకు పోర్చుగీసువారు 16వ శతాబ్దములో దానిని తెచ్చారు. అంతకుముందు మన కారమంతా మిరియాలదే. ‘మిరపకాయ’ అన్న పేరు కూడా మిరియమునుండి పుట్టినదే. కొరియాలో 1614నాటి ఒక గ్రంథములో మిరప ప్రస్తావన వున్నది. ఊరగాయలో మిరపను వాడే విధానము 1766నాటి గ్రంథములో కనిపిస్తుంది. కనుక గుంటూరు కారమూ, కొరియా కారమూ ఒకే పుట్టింటినుండి వచ్చిన ఆడపడుచులు.

బాంధవ్యము ఇంతటితో ఆగలేదు. ఊ జాంగ్‌చున్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1898లో జపానులో కొరియా తండ్రికి, జపాను తల్లికి జన్మించాడు. ఆవజాతి మొక్కల పుట్టుకను ఆయన 1935లో ఒక త్రికోణముగా నిరూపించాడు. కిమ్‌చీకి వాడే పొడుగు క్యాబేజీ ఏ జాతిదో ఆ జాతిలో క్రోమోసోములు 10 జతలు. నల్లఆవలో 8 జతలు. ఈ రెండు జాతుల సంకరమువల్ల పుట్టినది 18 జతలుగల మన ఆవ. అనగా ఆవకాయలోని ఆవపిండికి కిమ్‌చీ క్యాబేజీ జాతి తల్లి వరుస! ఆయన 1950లో కొరియా చేరి, 1959లో మరణించేవరకు అక్కడి రైతులకు మేలైన క్యాబేజీ, ముల్లంగి విత్తనములను సమకూర్చటములో కృషిచేశాడు.

ఇక కుళ్ళుట, పులియుట అనే భేదమును చూతాము. కుళ్ళుటలో కొన్ని సూక్ష్మజీవులు మాంసకృత్తులను విచ్ఛిన్నముచేసి దుర్వాసనగల పదార్థములను పుట్టిస్తాయి. పులియుటలో వేరొక తెగ సూక్ష్మజీవులు చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చుతాయి. ఇది జీవుల పనియేనని పాశ్చర్ 1857లో చూపాడు. కూరముక్కలకు ఉప్పు పట్టించినప్పుడు వానినుండి నీరు ఊరుతుంది. కుళ్ళించే జీవులు చాలావరకు ఉప్పుకు తాళలేవు. లాక్టిక్ బాక్టీరియా తాళుతుంది. మొదట ల్యూకొనాస్టాక్ అనే తెగ పెరిగి ఆమ్లమును, బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది. పులుపు ముదిరినకొద్దీ లాక్టోబాసిల్లస్ తెగ ప్రబలుతుంది. ఆ పులుపులో హానికరమైన జీవులు పెరగలేవు.

ఈ ల్యూకొనాస్టాక్ మనకు కొత్తది కాదు. ఇడ్లీపిండిని రాత్రికి రాత్రి పొంగించేది ముఖ్యముగా ఇదేనని 1965లో ప్రకటించబడిన పరిశోధన తెలిపినది. పిండి పులియబెట్టే ప్రతి ఇంటిలోను కిమ్‌చీ చేసే పనివాడు ముందే కాపురమున్నాడన్నమాట.

ఆదరువులన్నీ పులిసినవి కావు. ‘నాముల్’ అనే వంటకమును పది నిమిషములలో చేయవచ్చును. పాలకూరను మరిగే నీటిలో ఒక్క నిమిషము వుంచి, చన్నీళ్ళలో వేసి, పిండి, నూరిన వెల్లుల్లి, ఉప్పు, నువ్వులనూనె, వేయించిన నువ్వులు కలిపితే చాలు. ఆకులోని ఆగ్జాలిక్ ఆమ్లము కొంత ఆ నీటితో పోతుంది. పెసర మొలకలనుకూడా ఇట్లే రెండు మూడు నిమిషములు ఉడికించి కలుపవచ్చును.

పులిసేవానిలో తేలికైనది ‘క్కాక్‌దుగి’, అనగా ముల్లంగి కిమ్‌చీ. ఒక కిలో ముల్లంగిని అంగుళము ముక్కలుగా కోసి, 25 గ్రాముల ఉప్పు పట్టించి అరగంట వుంచవలెను. తరువాత వెల్లుల్లి, అల్లము, కొద్దిగా చక్కెర, మిరపపొడి కలుపవలెను. కొరియా మిరప మనదానికన్న మెత్తని కారము. కాబట్టి బ్యాడిగి మిరప ఉచితము. వారు ఉప్పు చేపల సారము చేర్చుతారు. శాకాహారులు దానిని మానవచ్చును. కొరియాలోని బౌద్ధమఠములలోను వాడరు. ఊరిన నీటితో సహా గాజుసీసాలో అదిమిపెట్టి, పైన నాలుగవ వంతు ఖాళీ వుంచవలెను. వాయువు పుట్టుతుంది గనుక రోజూ మూత వదులుచేయవలెను. లేనిచో సీసా పగులవచ్చును. కొరియాలో చలికాలమునకు ముందు ఇరుగుపొరుగు కూడి కిమ్‌చీ పట్టే ఆచారమును ‘కిమ్‌జాంగ్’ అంటారు. 2013లో దీనిని యునెస్కో తన సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. వారు జాడీలను నేలలో పాతిపెట్టి చల్లదనము కాపాడేవారు. పుత్తూరు ఎండలలో ఒక్కరోజు బయట వుంచితే చాలు. తరువాత దాని చోటు ఫ్రిజ్‌లోనే.

ఒక హెచ్చరిక అవసరము. రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పై లెక్కన 50 గ్రాముల కిమ్‌చీతో ఒక గ్రాము పైచిలుకు ఉప్పు లోపలికి పోతుంది. రక్తపు పోటు గలవారు ఊరగాయనూ, దీనినీ ఒకే పూట వడ్డించుకొనరాదు. అట్లని భయముతో ఉప్పు మరీ తగ్గిస్తే కుళ్ళించే జీవులకు తలుపు తీసినట్లే. బూజు పట్టినా, దుర్వాసన వచ్చినా ఆ సీసాను పారవేయవలెను. కమ్మని పులుపు వాసన వస్తే నిస్సందేహముగా సంగటి ముద్దలో నంజుకొనవచ్చును.