టన్ను బండి పుట్టుపూర్వోత్తరాలు

1968 మార్చిలో టొయోటా కంపెనీ జపాన్‌లో హైలక్స్ అనే చిన్న ట్రక్కును అమ్మకానికి పెట్టింది. టొయోటా పేరున్నా దాన్ని కట్టింది హినో కంపెనీ, హమురాలోని తన ఫ్యాక్టరీలో. రెండేళ్ల ముందే ఆ రెండు కంపెనీలూ చేతులు కలిపాయి. బండిలో ముందు ఒకే వరుస సీటు, ముగ్గురు ఇరుక్కుని కూర్చోవచ్చు. వెనకంతా తొట్టి. కింద ఛాసీ, వెనక ఇరుసు మీద కమాన్ పట్టీలు. ఇంజిన్ 1,490 సీసీ, 77 హార్స్‌పవర్. ఎత్తే లోడు ఒక టన్ను.

ఇప్పుడు 2019కి వద్దాం. అమెరికాలో ఏడేళ్ల విరామం తర్వాత ఫోర్డ్ తన రేంజర్ పికప్‌ను మళ్లీ రోడ్డు మీదికి తెచ్చింది. ఇంజిన్ 270 హార్స్‌పవర్, గేర్లు పది. రకాలన్నిట్లో ఎక్కువ బరువు మోసే రేంజర్‌ను ఎంచుకున్నా అందులో ఎక్కించదగింది 1,860 పౌండ్లే, అంటే 844 కిలోలు. అమెరికా లెక్కలో డ్రైవరూ పక్కవాళ్లూ కూడా ఆ బరువులోకే వస్తారు. జపాన్ వాళ్ల టన్ను లెక్కలో మనుషుల బరువు వేరు. అలా చూస్తే తేడా ఇంకా పెద్దది. అయితే అదే రేంజర్ వెనక హుక్కుకు 3,400 కిలోల ట్రైలర్ తగిలించుకోవచ్చని కంపెనీయే హామీ ఇచ్చింది.

యాభై ఏళ్లలో ఇంజిన్ బలం మూడున్నర రెట్లయింది. తొట్టి మోసేది తగ్గింది, హుక్కు లాగేది పెరిగింది. మోయడానికి పుట్టిన బండి లాగే బండిగా ఎలా మారిందో చెప్పుకోవాలంటే ఇంజినీర్ల కన్నా ముందు కోళ్ల వ్యాపారుల దగ్గరికి వెళ్లాలి.

దానికి ముందు కథ క్లుప్తంగా. మోడల్ టీ కారు వెనక ఇనప తొట్టి బిగించి ఫోర్డ్ 1925లో ఫ్యాక్టరీ పికప్ అమ్మింది. ధర 281 డాలర్లు, ఇంజిన్ 20 హార్స్‌పవర్. అంతకుముందు రైతులు కారు వెనక భాగం కోసేసి వడ్రంగి చేత పెట్టె కట్టించుకునేవాళ్లు. ఆస్ట్రేలియాలో 1930ల మొదట్లో ఒక రైతు భార్య ఫోర్డ్‌కు ఉత్తరం రాసిందని చెబుతారు. ఆదివారం చర్చికి వెళ్లాలి, సోమవారం పందుల్ని సంతకు తోలాలి, రెండిటికీ పనికొచ్చే బండి ఒకటి కావాలని ఆమె అడిగిందట. గీలాంగ్ ఫ్యాక్టరీలో లూ బాండ్ట్ అనే యువ డిజైనర్ గీసిన ఆ బండి 1934లో బయటికొచ్చింది. అక్కడ ఇప్పటికీ పికప్‌ను ‘యూట్’ అంటారు. ఆ ఉత్తరంలోని కోరికే నేటికీ ఈ బండ్ల మీద పెత్తనం చేస్తోంది. అందులో ఆదివారం భాగం పెరిగే కొద్దీ సోమవారం భాగం తరిగిపోతూ వచ్చింది.

ఇక కోళ్ల సంగతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కోళ్ల పెంపకం పెద్ద పరిశ్రమైంది. ఆ చవక మాంసం ఐరోపా మార్కెట్లను ముంచెత్తడంతో అక్కడి రైతులు గగ్గోలు పెట్టారు. 1962లో ఐరోపా ఆర్థిక సమాజం, ముఖ్యంగా ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీల పట్టుతో, అమెరికా కోడి మాంసం మీద గట్టి సుంకం వేసింది. రాజీ చర్చలు తెగలేదు. 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఎదురు సుంకం ప్రకటించాడు. బంగాళదుంప గంజిపొడి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, తేలికపాటి ట్రక్కుల మీద అది 25 శాతం. ట్రక్కుల విషయంలో గురి జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ల మీద. మిగతా సరుకుల మీద సుంకాలు తర్వాతి కాలంలో పోయాయి. ట్రక్కుల మీద మాత్రం ఉండిపోయింది. ‘చికెన్ ట్యాక్స్’ అన్న పేరు దానికి అలా అంటుకున్నదే.

దెబ్బ జర్మనీ మీద వేశారు, వాత జపాన్‌కు పడింది. డాట్సన్, టొయోటా చిన్న ట్రక్కులు అప్పుడప్పుడే అమెరికా పశ్చిమ తీరంలో తోటమాలులకూ చేపలవాళ్లకూ చిన్న చిన్న కాంట్రాక్టర్లకూ అలవాటవుతున్నాయి. జపాన్ వాళ్లు సుంకానికి దారి వెతికారు. ముందు క్యాబిన్‌తో, తొట్టి లేకుండా వచ్చే బండిని పూర్తి ట్రక్కుగా లెక్కించరు కాబట్టి దాని మీద సుంకం 4 శాతమే. అందుకని మొండి బండ్లను ఓడల్లో దింపి, తొట్లు అమెరికాలోనే బిగించేవాళ్లు. టొయోటా అమెరికాలో పెట్టిన మొట్టమొదటి కర్మాగారం కాలిఫోర్నియా లాంగ్ బీచ్‌లోనిది, 1970ల మొదట్లో మొదలైంది. అది తయారుచేసింది కార్లను కాదు, ఈ తొట్లనే. సొంత చిన్న ట్రక్కు లేని ఫోర్డ్, షెవర్లే కూడా 1972లో ఇదే దొడ్డిదారి పట్టాయి. మాజ్దా బండిని ఫోర్డ్ ‘కూరియర్’ అంది, ఇసుజు బండిని షెవర్లే ‘లవ్’ అంది. అందరికన్నా గడుసుది సుబారు. 1978లో ‘బ్రాట్’ పికప్ తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చునే రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ప్రయాణికుల వాహనమని కాగితం చూపించింది. రొనాల్డ్ రీగన్ తన పొలంలో వాడిన బండ్లలో ఆ బ్రాట్ ఒకటి.

1980లో కస్టమ్స్ వాళ్లు ఆ మొండి బండి సందు మూసేశారు. విదేశీ చిన్న ట్రక్కుకు పూర్తి 25 శాతం పడింది. ఆ గోడ చాటున అమెరికా కంపెనీలు సొంత చిన్న ట్రక్కులు మొదలుపెట్టాయి: షెవర్లే ఎస్-10, ఫోర్డ్ రేంజర్. 1987 మోడల్‌గా వచ్చిన డాడ్జ్ డకోటా చిన్నదీ కాదు పెద్దదీ కాదు, మధ్యస్థం. మిడ్‌సైజ్ అన్న తరగతి దాంతోనే స్థిరపడిందంటారు. పోటీ చాలక, గోడ చాటున పెరిగిన బండి ఏటేటా లావెక్కింది. పొడవు పెరిగింది, వెనక మరో వరుస సీట్లు వచ్చాయి, తలుపులు నాలుగయ్యాయి. ఆ మేరకు తొట్టి కుదించుకుపోయింది. అయిదడుగుల తొట్టిలో ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు పట్టదు. వెనక తలుపు దించి, షీటును బయటికి వేలాడదీసి, ఎర్ర గుడ్డ కట్టుకుని పోవాల్సిందే. కుటుంబం హాయిగా కూర్చోవాలంటే కమాన్లు మెత్తబడాలి. అవి మెత్తబడితే లోడుకు వెనకభాగం కూలబడుతుంది.

ఇక మిగిలింది హుక్కు. తొట్టిలో పట్టనిదంతా వెనక ట్రైలర్‌లోకి మారింది. పడవ, గుర్రపు పెట్టె, గడ్డి కోసే యంత్రాలు, ఇల్లు లాంటి క్యాంపర్ అన్నీ దాని వెనకే. దాంతో అంకెల పోటీ మొదలైంది. ఎంత లాగుతుందో ఏ కంపెనీకి ఆ కంపెనీ చెప్పుకునేది, పరీక్ష వాళ్లదే, మార్కులూ వాళ్లవే. ఈ గొడవ తేల్చడానికి అమెరికా ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ 2008లో జె2807 అనే ప్రమాణం రాసింది.

అందులో నాకు ముచ్చటగొలిపేది ఒక కొండ. అరిజోనాలో కొలరాడో నది ఒడ్డున డేవిస్ డ్యామ్ దగ్గర మొదలై యూనియన్ కనుమ వైపు సాగే రోడ్డు సుమారు 18 కిలోమీటర్లలో దాదాపు 900 మీటర్లు ఎక్కుతుంది. ఎడారి ఎండ 38 డిగ్రీలకు తగ్గకూడదు. ఏసీ పూర్తిగా పెట్టి ఉంచాలి. కంపెనీ చెప్పుకున్న బరువంతా వెనక తగిలించి ఎక్కాలి, వేగం ఎక్కడా గంటకు 64 కిలోమీటర్ల కిందికి పడకూడదు, ఇంజిన్ ఉడికిపోకూడదు. ఇవిగాక, 12 శాతం వాలు మీద ఆగిన బండి అయిదు నిమిషాల్లో అయిదుసార్లు ముందుకీ అయిదుసార్లు వెనక్కీ కదలాలి. సమతల నేల మీద 30 సెకన్లలో గంటకు 96 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. టొయోటా అందరికన్నా ముందు 2011 మోడల్ టండ్రా పెద్ద పికప్‌కు ఈ పరీక్ష పెట్టి, తన పాత అంకెను తనే తగ్గించుకుంది. మిగతా పెద్ద కంపెనీలు ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. వాహన ప్రకటనల చరిత్రలో నిజాయితీ గల పనుల జాబితా చిన్నదే, టండ్రా అంకెకు అందులో చోటివ్వాలి.

పరీక్ష నెగ్గినంత మాత్రాన కాగితం మీద అంకె మొత్తం కొనుక్కున్నవాడి చేతికి రాదు. ఆస్ట్రేలియాలో హైలక్స్, రేంజర్, డీ-మ్యాక్స్ లాంటివి 3,500 కిలోలు లాగుతాయని బోర్డు కట్టుకుని తిరుగుతాయి. ఉదాహరణకు ఒక బండి ఖాళీ బరువు 2,200 కిలోలు, లోడుతో కలిపి అనుమతి 3,200, బండీ ట్రైలరూ కలిపి 6,000 అనుకుందాం. వెయ్యి కిలోల లోడు, మూడున్నర టన్నుల లాగుడు రెండూ ఉన్నాయనే కదా కొన్నవాడు అనుకునేది. 6,000లో ట్రైలర్‌కు 3,500 పోతే బండికి మిగిలేది 2,500. అందులో ఖాళీ బరువు తీసేస్తే 300. నలుగురు ఎక్కి సామాన్లు సర్దుకునేసరికి అది అయిపోతుంది. దీనికి తోడు ట్రైలర్ తన బరువులో సుమారు పదో వంతును ముక్కు ద్వారా హుక్కు మీద మోపుతుంది. ఆ భారం వెనక ఇరుసుదే. ముక్కు తేలికైతే ఇంకో ప్రమాదం, వేగంలో ట్రైలర్ పాములా ఊగి ముందు బండిని కూడా తిప్పేస్తుంది. బండికి కొత్త కమాన్లు కట్టించినా ఈ లెక్క మారదు. ఛాసీ, బ్రేకులు, గేర్‌బాక్సు అవే కదా.

ఎక్కడం ఇంజిన్ పనైతే దిగడం డ్రైవరు పని. ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలన్నది మన ఘాట్ రోడ్ల లారీ డ్రైవర్ల పాత సూత్రం. ఆటోమేటిక్ గేర్ల పికప్‌లకు తయారీదార్లు ఇచ్చిన ‘టో మోడ్’ మీట చేసేదీ చాలావరకు అంతే. 2016లో అమెరికా షెవర్లే కొలరాడోకు 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్ పెట్టినప్పుడు, లాగే అంకె 7,700 పౌండ్ల కన్నా దిగేటప్పుడు పొగగొట్టం దగ్గరే వేగాన్ని ఆపే ఎగ్జాస్ట్ బ్రేకు ఉందన్నదే పనివాళ్లకు నచ్చిన కబురు.

మన దగ్గర కథ మరో దారిలో నడిచింది. 1980లలో నాలుగు జపాన్ కంపెనీలు భారతీయ భాగస్వాములతో చిన్న ట్రక్కులు మొదలుపెట్టాయి. టొయోటా డీసీఎంతో, మాజ్దా స్వరాజ్‌తో, మిత్సుబిషి ఐషర్‌తో, నిస్సాన్ మన హైదరాబాద్ ఆల్విన్‌తో. రిఫ్రిజిరేటర్లూ గడియారాలూ బస్సు బాడీలూ చేసిన ఆల్విన్, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో నిస్సాన్ క్యాబ్‌స్టార్ ట్రక్కులు కట్టింది. 1985 తర్వాత యెన్ విలువ ఎగబాకి జపాన్ విడిభాగాలు గుదిబండలయ్యాయి. 1986లో టాటా 407 దిగింది. నాలుగింటికీ ఊపిరాడలేదు. ఆల్విన్ నిస్సాన్‌ను 1989లో మహీంద్రా తీసుకుంది. జహీరాబాద్‌లో ఇప్పుడు ఆ కంపెనీ ట్రాక్టర్లూ వాణిజ్య వాహనాలూ తయారవుతున్నాయి. డీసీఎం టొయోటా కూడా చేతులు మారి మాయమైంది. అయినా తెలుగు పత్రికల్లో నేటికీ ‘డీసీఎం బోల్తా’ అన్న వార్త వస్తూనే ఉంటుంది. ఆ వార్తలో బోల్తా పడ్డ బండి ఏ కంపెనీదైనా కావచ్చు.

అసలు సిసలు పికప్ మనకు 1988లో టాటామొబైల్ 206తో వచ్చింది. దాని తమ్ముడు 207 పాలకూ కూరగాయలకూ స్థిరపడింది. ఆ తర్వాత రంగమంతా బొలెరో పికప్‌ది. మదనపల్లె టమాటా మార్కెట్ ముందు, గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర వరస కట్టి నిలబడేవి అవే. దాని ఇంజిన్ 2,523 సీసీ, బలం సుమారు 75 హార్స్‌పవర్, 1968 హైలక్స్ కన్నా రెండు తక్కువే. అందులో ఒక రకానికి కంపెనీ అనుమతించిన లోడు 1.7 టన్నులు. హార్స్‌పవర్ ఎక్కువైతే లోడు ఎక్కువన్న నమ్మకం ఈ బండి ముందు నిలవదు. వేగం తక్కువ, గేర్లు బలమైనవి, కమాన్లు గట్టివి, క్యాబిన్ ఒక్కటే, సోకు లేదు. హమురాలో పుట్టిన టన్ను బండికి నిజమైన వారసుడు నా లెక్కన ఇదే.

పాత వంశం వేరే దారిలో మన ఇంట్లోకీ వచ్చింది. 2004లో థాయ్‌లాండ్‌లో మొదలుపెట్టిన ఒకే చట్రం మీద టొయోటా కొత్త హైలక్స్, ఫార్చ్యూనర్, ఇన్నోవా మూడింటినీ కట్టింది. పెళ్లిళ్లకూ తిరుపతికీ వెళ్లొచ్చిన ఆ ఇన్నోవా కింద ఉన్నది ట్రక్కు ఛాసీ. అసలు హైలక్స్ మాత్రం మన దేశంలో 2022లోగానీ అమ్మకానికి రాలేదు. అంతకు ముందే, 2016లో, ఇసుజు శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచి డీ-మ్యాక్స్ బండ్లు కట్టసాగింది. ఒకే గేటులోంచి రెండు రకాలు బయటికొస్తాయి. నాలుగు తలుపుల వీ-క్రాస్ ఎక్కువగా షికార్లకు, ఒకే క్యాబిన్ డీ-మ్యాక్స్ సరుకుకు.

ట్రైలర్ లాగే పని మన పికప్‌లకు దాదాపు లేదు. దాన్ని ట్రాక్టర్లు ఎప్పుడో తీసేసుకున్నాయి. మన బండి బాధ తొట్టిలోనే. 1.7 టన్నుల ఆర్‌సీ మీద మూడు టన్నుల ఉల్లి ఎక్కుతుంది, వెనక కమాన్లకు అదనపు పట్టీ వేయిస్తారు, ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన టన్నుకు 2,000 చొప్పున పెట్టింది. మార్కెట్ పక్కన కాటా వేయించడానికి అయ్యే ఖర్చు ఆ జరిమానాలో ఎన్నో వంతో లోడు కట్టించే సేఠ్‌కు తెలుసు. టైరు పేలితే క్యాబిన్‌లో ఉండేది మాత్రం సేఠ్ కాదు, కిరాయికి వచ్చిన డ్రైవరు.