నర్సాపురపు లేసు: చేతి నుండి చేతికి సాగిన నమూనా

గోదావరి వాసిష్ఠ పాయ అంతర్వేది కడ సముద్రమున కలియుటకు మునుపు నర్సాపురము నానుకొని ప్రవహించును. ఆ పట్టణమునను, దాని చుట్టుపట్ల నున్న పల్లెలలోను, మధ్యాహ్నపు వంటవార్పులు ముగిసిన పిమ్మట అరుగుల మీదను వసారాలలోను కూర్చుండి, ఒక చేతి చూపుడువ్రేలికి దారము చుట్టి, రెండవ చేత కొనయందు చిన్న కొక్కెము గల సూదిని ఆడించుచు, మాటలాడుకొనుచునే లేసు అల్లు స్త్రీలు తరతరములుగా కానవచ్చుచున్నారు. వారి చేతిపని సముద్రములు దాటి ఐరోపా వారి భోజనపు బల్లలను అలంకరించినది. మన ఇండ్లలో దిండు గలీబుల అంచులకును, రేడియో పెట్టెపై కప్పు గుడ్డలకును శోభ నొసగినది. ఇంతటి వ్యాప్తి గాంచిన కళను గూర్చి వ్రాయబూనినవారు దానిని ఎవరు తెచ్చిరి, ఎవరు ఎగుమతి చేసిరి అను విచారణతో తృప్తి పొందుట పరిపాటి. ఒక పూవు నమూనా ఒక స్త్రీ చేతి నుండి మరియొక స్త్రీ చేతికి ఎట్లు చేరినదను విషయమే నాకు వీనికంటె ముఖ్యముగా తోచుచున్నది.

ఈ విద్య మనకు పరదేశమునుండి వచ్చినదే. విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఆంగ్లేయ మిషనరీలు 1836లో భారతదేశమునకు వచ్చి గోదావరి డెల్టాలో తమ ప్రచారమునకు పూనుకొనిరి. 1844 ప్రాంతమున మిషనరీలే రైతు కుటుంబముల స్త్రీలకు ఈ అల్లిక నేర్పిరని నర్సాపురమున చెప్పుకొందురు. నేడు పచ్చని వరిచేలతో కన్నుల పండువగా నుండు ఈ సీమ ఆనాడు ఇట్లుండలేదు. నందన నామ సంవత్సరపు కరువు (1832-33) మిగిల్చిన దైన్యము జనుల స్మృతినుండి తొలగిపోలేదు. కాటన్ దొర 1847లో ఆరంభించిన ధవళేశ్వరము ఆనకట్ట 1852కు గాని పూర్తి కాలేదు. అట్టి కాలమున ఒక దారపు ఉండ, ఒక సూది తప్ప మరి యే పెట్టుబడియు కోరని పని ఇంటి గడప దాటకయే నాలుగు డబ్బులు తెచ్చినచో దానిని కాదను ఇల్లాలు ఎవరు?

సరిగా ఆ దశాబ్దముననే ఐర్లండు దేశమున ఇట్టి కథయే మరింత దారుణముగా నడచినది. 1845లో బంగాళాదుంప పైరుకు తెగులు సోకి, ఆ దుంపయే ఆహారముగా బ్రదుకు పేదజనము లక్షల సంఖ్యలో మరణింపగా, లక్షల సంఖ్యలో ఓడలెక్కి వలసపోవగా, కార్క్ ప్రాంతపు ఉర్సులైన్ సన్యాసినులును, 1847లో క్లోన్స్ పట్టణమున మతాచార్యుని భార్యయైన కసాండ్రా హ్యాండ్ అను ఆమెయు, ఆకలిగొన్న కుటుంబములకు ఈ కొక్కెపు సూది అల్లికను జీవనోపాధిగా నేర్పిరి. వెనీసు నగరపు ఖరీదైన సూదిలేసును తలపించునట్లు వారు గులాబీలను, ద్రాక్షగుత్తులను, మూడాకుల షామ్‌రాక్ మొక్కను విడివిడిగా అల్లి, పిదప సన్నని వల వంటి అల్లికతో ఒక్కటిగా కూర్చెడివారు. ఒక్కొక్క కుటుంబము తనకు వచ్చిన పూవును ఇరుగుపొరుగువారి కంటబడకుండ దాచుకొనెడిదని కూడ చెప్పుదురు. ఆకటితో నున్నవారు అట్లు దాచుకొనుటను నేను తప్పుపట్టజాలను. అయినను దాచుట సాధ్యము కాలేదు. ఏలయన అల్లిన వస్తువు తన రహస్యమును తానే చెప్పివేయును.

గులాబీనే చూతము. మొదట ఆరు గొలుసు కుట్లు వేసి, కొసను మొదటికి కలిపి చిన్న వలయము చేయుదురు. దానిపై ఆరు వంపులు కట్టి, ఒక్కొక్క వంపునందు అంచులకు పొట్టి కుట్లును నడుమ పొడుగు కుట్లును నింపగా ఆరు రేకులు విప్పుకొనును. అటుపిమ్మట ఆ రేకుల వెనుకగా మరికొంత పొడవైన గొలుసులు సాగించి, వానిలో కుట్ల సంఖ్య పెంచి రెండవ వరుసను, దాని వెనుక మూడవ వరుసను అల్లుదురు. పెద్ద రేకులు చిన్నవానిని పైకెత్తి పట్టుటచే పూవు బల్లపరుపుగా గాక నిండుగా లేచి నిలుచును. ఇప్పుడీ పూవును నేర్పరియైన స్త్రీ చేతికిచ్చినచో ఆమె ముందువైపు చూడదు. వెనుకకు త్రిప్పి, గోటి కొనతో వంపులను లెక్కించి, మధ్య వలయమును ఒకింత సాగదీసి చూచి సూది చేత బట్టును. ఆమెకు ఇక చెప్పవలసినది లేదు.

రెండు సూదులతో అల్లు ఉన్ని అల్లికకు 1589లోనే విలియం లీ అను ఆంగ్లేయుడు యంత్రమును కనిపెట్టగలిగెను. అందు కుట్లన్నియు వరుసగా సూదుల మీద నిలిచియుండును గనుక ఒక్కొక్క కుట్టునకు ఒక్కొక్క లోహపు సూదిని అమర్చుట సాధ్యమైనది. కొక్కెపు అల్లికయందు సజీవమైన కుట్టు ఎప్పుడును ఒక్కటే; సూది వెనుకకు పోయి, పూర్వము అల్లిన భాగమున ఏ రంధ్రమునందైనను దూరి క్రొత్త దిశను పట్టగలదు. ఈ స్వేచ్ఛను యంత్రము అనుకరింపలేకపోయినది. మరలేసు చూపునకు దీనిని పోలియుండవచ్చును గాని, అల్లిక మాత్రము వేరు. కావున నమూనా ఎంత దూరము పోయినను మనిషి చేతుల మీదుగానే పోవలసి వచ్చినది.

అచ్చుయంత్రము దీనికి తోడ్పడలేదనరాదు. 1823లో డచ్చి భాషాపత్రిక పెనెలోపె ఈ అల్లిక విధానమును ప్రకటించినది. ఇంగ్లండులో ఎలియనోర్ రియెగో డి లా బ్రాంషార్డియేర్ 1840ల నుండి నమూనాల పుస్తకములను వరుసగా వెలువరించి, 1851 లండను మహాప్రదర్శనమున బహుమతి పొందినది. థెరెస్ డి డిల్మాంట్ 1886లో సమకూర్చిన సూదిపనుల విజ్ఞానసర్వస్వము పలు భాషలలోనికి వెళ్లినది. ఈ విదుషీమణుల శ్రమ కొనియాడదగినదే. కాని ముద్రితమైన నమూనా చదువు వచ్చినవారికి మాత్రమే అక్కరకు వచ్చును. అక్షరము రాని గోదావరి స్త్రీకి పొరుగింటి వదినగారి ఒడిలోని జానెడు లేసు ముక్కయే గ్రంథము. తల్లి యొద్ద కూతురు, అత్త యొద్ద కోడలు, పెద్దపిల్లల యొద్ద చిన్నపిల్లలు దానిని చదివిరి. ఒకతె ఆరు రేకులు అల్లినచోట మరియొకతె ఎనిమిది అల్లినది, వేరొకతె అంచునకు చిన్న మొటిమల వరుస చేర్చినది. అట్లు చేర్చినవారు దానికి మూల్యము కోరలేదు.

వ్యాపారమున మాత్రము ఈ ఔదార్యము కానరాదు. మారియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు నర్సాపురపు లేసు స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథమును ప్రకటించినది. ఒకరు పూవులు అల్లగా, మరియొకరు వానిని అతుకగా, దళారులు వానిని ప్రోగుచేయగా, ఎగుమతి లాభము పురుషులైన వర్తకులకు దక్కినదని ఆమె సవివరముగా చూపినది. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు ఇంటిచాకిరీకి అదనముగా అల్లిన స్త్రీలను లోకము పనివారుగా లెక్కింపలేదు. వారు గృహిణులనియు, అది తీరికవేళ కాలక్షేపమనియు చెప్పి కూలిని అత్యల్పముగా నుంచినది. ముచ్చటకు అల్లుకొను తోరణమునకును, పొట్టకూటికి అల్లు బల్లగుడ్డకును సూది ఒక్కటే, కుట్టు ఒక్కటే. మొదటిదాని ఆనందమును సాకుగా జూపి రెండవదాని కూలిని తగ్గించుట అన్యాయమని నేను స్పష్టముగా చెప్పదలచుకొన్నాను.

1899 నాటి కరువును, 1929 నాటి ఆర్థిక మాంద్యమును దాటివచ్చిన ఈ కళకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషకరమైన విషయమే; ఇతర ప్రాంతపు సరకును నర్సాపురపు లేసని అమ్మువారిని అడ్డగించుటకు దీనివలన చట్టబలము కలిగినది. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడును గాని అల్లినవారి పేరును కాపాడదు. ఇండ్లలో పాత పెట్టెల అడుగున పసుపువారిపోయిన లేసు ముక్కలను సేకరించి, కుట్ల లెక్కను తెలుగున వ్రాసి, ఒక్కొక్క దాని క్రింద దానిని అల్లిన లేక నేర్పిన స్త్రీ పేరును, ఊరిని నమోదుచేసి నర్సాపురముననే ఒక నమూనాల భాండాగారమును నెలకొల్పవలెను. ఈ పని వాయిదా వేయదగినది కాదు. ఒక అంచును చేతిలోనికి తీసికొని, ఇది మా అత్తగారు నేర్పినది, ఈ మలుపు మాత్రము నేను వేసినది అని వ్రేలితో చూపగల వృద్ధురాండ్రు ఆ పల్లెలలో ఇంకను ఉన్నారు.