చరిత్ర మాట్లాడుకుందాం – 11: కోపం రాకుండా చరిత్ర చెప్పమన్న చట్టం



పోయిన వారం భాగం చదివి ఒక హాస్టల్ నుంచి తమ్ముడొకడు మెసేజ్ పెట్టాడు. ఆదివారం సాయంత్రాలు పదిహేను మంది కూర్చుని ఫూలే, అంబేడ్కర్, భాగ్యరెడ్డి వర్మల గురించి చదువుకుంటున్నారట. వార్డెన్ పిలిచి, "కులాల మధ్య చిచ్చు పెట్టే పనులు ఇక్కడొద్దు. అందరూ స్టూడెంట్సే, మళ్ళీ కులం గొడవ ఎందుకు?" అన్నాడట. "అన్నా, దీనికి ఏం జవాబు చెప్పాలి?" అని అడిగాడు.

ఈ మాట ఆ వార్డెన్ కనిపెట్టింది కాదు తమ్ముడూ. అమెరికాలో ఒక రాష్ట్రం దీన్ని ఏకంగా చట్టం చేసింది. ఆ కథంతా తెలిస్తే నీ జవాబు నీకే దొరుకుతుంది.

అరిజోనా రాష్ట్రం మెక్సికో సరిహద్దులో ఉంటుంది. 1848 దాకా ఆ నేలలో ఎక్కువ భాగం మెక్సికోదే. యుద్ధంలో అమెరికా లాక్కుంది. టూసాన్ నగరం ప్రభుత్వ బడుల్లో సగానికి పైగా పిల్లలు మెక్సికన్ మూలాల వాళ్ళు. వాళ్ళ తాతలది ఆ నేలే. అయినా పాఠంలో మాత్రం వాళ్ళు ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు. బడుల్లో వివక్ష మీద 1974లోనే అక్కడ కోర్టు కేసు పడింది. 1998లో ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ 'మెక్సికన్ అమెరికన్ స్టడీస్' మొదలుపెట్టింది. చరిత్ర, సాహిత్యం, కళ అన్నీ ఆ పిల్లల బతుకు వైపునుంచి చెప్పేవాళ్ళు. ఆ క్లాసులు తీసుకున్న పిల్లలు పరీక్షలు పాసై బడి పూర్తిచేసే అవకాశం ఎక్కువని అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో లెక్కలతో చూపించారు. తనను తాను పుస్తకంలో చూసుకున్న పిల్లవాడు బడి మానడు. ఇది మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

గొడవ 2006లో మొదలైంది. వ్యవసాయ కూలీల నాయకురాలు డొలోరెస్ హుయెర్టా టూసాన్ హైస్కూల్లో మాట్లాడుతూ, రిపబ్లికన్లకు లాటినోలంటే ద్వేషం అంది. రాష్ట్ర విద్యాశాఖ అధిపతి టామ్ హార్న్ దానికి జవాబుగా తన డిప్యూటీని పంపాడు. పిల్లలకు ప్రశ్నలడిగే అవకాశం ఇవ్వలేదు. పిల్లలు మూతులకు టేపు అంటించుకుని లేచి నిలబడి, వెనక్కి తిరిగి, బయటికి నడిచిపోయారు. ఈ పొగరు ఆ క్లాసుల్లోనే నేర్పుతున్నారన్నాడు హార్న్. మరుసటి ఏడాది బహిరంగ లేఖ రాసి, ఆ కార్యక్రమాన్ని ఆపేయమన్నాడు.

2010 ఏప్రిల్‌లో అరిజోనా మరో చట్టం చేసింది. అనుమతి లేకుండా దేశంలో ఉంటున్నాడని అనుమానం వస్తే పోలీసులు కాగితాలు అడగాలన్న చట్టం అది. మూడు వారాలైనా తిరక్కుండా మే 11న గవర్నర్ జాన్ బ్రూవర్ హెచ్‌బీ 2281 మీద సంతకం పెట్టింది. ప్రభుత్వ బడుల్లో నాలుగు రకాల క్లాసులు ఉండకూడదంది ఆ చట్టం: అమెరికా ప్రభుత్వాన్ని కూలదోయమనేవి, ఒక జాతి మీదగానీ వర్గం మీదగానీ ద్వేషం పెంచేవి, ముఖ్యంగా ఒక జాతి పిల్లల కోసమే తయారైనవి, పిల్లల్ని వ్యక్తులుగా చూడకుండా జాతి ఐక్యత బోధించేవి. తప్పితే రాష్ట్రం ఇచ్చే డబ్బులో 10 శాతం కోత.

ఒకసారి నిదానంగా చదవండి. మెక్సికన్లు అన్న మాట ఎక్కడా లేదు. పైగా ఒక గుంపు మీద జరిగిన చారిత్రక అణచివేతను బోధించొచ్చని కూడా అందులోనే రాశారు. అణచివేత చెప్పొచ్చు, విన్న పిల్లవాడికి కోపం మాత్రం రాకూడదు. వచ్చిందో లేదో ఎవరు తేలుస్తారు? అణచినవాడి వైపు కూర్చున్న అధికారే తేలుస్తాడు.

టూసాన్‌లో నల్లజాతి వాళ్ళ గురించి, ఆదివాసుల గురించి, ఆసియా వాళ్ళ గురించి కూడా ఇలాంటి కార్యక్రమాలే ఉన్నాయి. చట్టం తప్పిందని తేల్చింది మాత్రం మెక్సికన్ క్లాసుల్ని ఒక్కదాన్నే. హార్న్ తర్వాత వచ్చిన జాన్ హప్పెన్‌థాల్ బయటి సంస్థతో తనిఖీ చేయించాడు. చట్టం తప్పిన ఆధారం కనబడలేదని ఆ సంస్థ 2011లో నివేదిక ఇచ్చింది. ఆయన తన నివేదికనే పక్కన పడేశాడు. పిల్లలు స్కూల్ బోర్డు సభ్యుల కుర్చీలకు తమను గొలుసులతో కట్టేసుకున్నారు. అయినా డబ్బు కోత భయంతో 2012 జనవరి 10న బోర్డు 4–1 ఓట్లతో క్లాసులు ఎత్తేసింది. ఏడు పుస్తకాలు తరగతి గదుల్లోంచి తీసి పెట్టెల్లో సర్దారు. మనలో చాలామందికి తెలిసిన పావ్లో ఫ్రెయిరె 'పెడగాజీ ఆఫ్ ది అప్రెస్డ్' వాటిలో ఒకటి. నిషేధించలేదు, లైబ్రరీలో ఉన్నాయిగా అన్నారు అధికారులు.

ఉపాధ్యాయులు, విద్యార్థులు కోర్టుకెళ్ళారు. 2013లో జడ్జి ఎ. వాలెస్ తషిమా చట్టంలో చాలా భాగం చెల్లుతుందన్నాడు. పై కోర్టు 2015లో, ఉద్దేశం ఏమిటో విచారణ జరపాలని వెనక్కి పంపింది. విచారణలో ఏం సాక్ష్యంగా నిలిచిందో తెలుసా? విద్యాశాఖ నడిపిన హప్పెన్‌థాల్ మారుపేర్లతో ఇంటర్నెట్‌లో మెక్సికన్ల మీద రాసిన రాతలు. 2017 ఆగస్టులో అదే తషిమా, ఈ చట్టాన్ని చేయడం వెనకా అమలు చేయడం వెనకా ఉన్నది జాతి ద్వేషమేనని, ఇది రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా తన జపనీస్ పౌరుల్ని నిర్బంధించింది. అరిజోనాలోని పోస్టన్ శిబిరంలో అలా గడిపిన పిల్లల్లో ఈ తషిమా ఒకడు.

గెలిచారు. కానీ ఏడేళ్ళు పట్టింది. 2010లో ఆ క్లాసుల్లో కూర్చున్న పిల్లలు అప్పటికే బడి దాటిపోయారు. కార్యక్రమం కూడా పాత రూపంలో తిరిగి రాలేదు. ఈ నష్టాన్ని దాచుకుని గెలుపు కథ ఒక్కటే చెప్పుకోవడం నాకిష్టం లేదు.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. మన తెలుగువాళ్ళ పిల్లలు చదివే కాలిఫోర్నియాలో 2005–06లోనూ, మళ్ళీ 2016లోనూ పాఠ్యపుస్తకాల మీద పోరు జరిగింది. కులం గురించి ఎంత చెప్పాలి, దళిత్ అన్న మాట ఉండాలా వద్దా అన్నదే తగాదా. హిందూ పిల్లలు చిన్నబుచ్చుకుంటారన్నది ఒకవైపు వాదన. దళిత పిల్లలు ఏమవుతారన్నది మనవాళ్ళ ప్రశ్న. ఇక్కడ చూస్తే, 2018లో ఢిల్లీ విశ్వవిద్యాలయ కమిటీ ఒకటి మన కంచ ఐలయ్య పుస్తకాల్ని తీసేయమని సిఫారసు చేసింది. 2021లో అదే విశ్వవిద్యాలయం ఇంగ్లీషు సిలబస్‌లోంచి బామ, సుకీర్తరాణిల రచనల్ని తీసేసింది.

హైదరాబాద్‌లో 1910ల్లోనే మన పిల్లల కోసం బడులు పెట్టిన భాగ్యరెడ్డి వర్మ పేరు నేను బడిలో ఉండగా ఒక్కసారి కూడా వినలేదు. అప్పుడెవరూ దాన్ని ద్వేషం అనలేదు. ఇప్పుడు ఆ పేరు మనం పలికితే ద్వేషం అయింది.

తమ్ముడూ, ఇక నీ పని. ఒకటి, ఏ ఆదివారం ఏం చదివారో, ఎంతమంది వచ్చారో ఒక నోటు పుస్తకంలో రాయండి. టూసాన్ టీచర్లు ఏం చెప్పారో చూపించగలిగారు, అవతలివాళ్ళు చూపించలేకపోయారు. రెండు, ఆపమన్న మాట కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. ద్వేషం ఏ పేజీలో ఉందో చెప్పమనండి. మూడు, మిగతా కులాల పిల్లల్ని కూడా పిలవండి. టూసాన్ క్లాసుల తలుపులూ అందరికీ తెరిచే ఉండేవి.

కోపం వస్తుందా అంటే, వస్తుంది. చుండూరు గురించి చదివితే రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ కోపం పుస్తకంలోంచి పుట్టలేదని, చుండూరులో జరిగినదాంట్లోంచి పుట్టిందని వార్డెన్ గారికి చెప్పు.

వచ్చే ఆదివారం: 1968లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీ విద్యార్థుల సమ్మె. ఈ క్లాసులన్నీ పుట్టింది అక్కడే.

జై భీమ్.