రాగిరేకుల మీద పాట

తాటాకుకు చెదలు, తేమ, నిప్పు అన్నీ శత్రువులే. అన్నమాచార్యుల కుటుంబమైన తాళ్లపాక వారు ఆ ప్రమాదాన్ని ముందే గుర్తించారు. అన్నమాచార్యుల (అన్నమయ్య, 1408–1503) సంకీర్తనలను కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో భద్రపరిచాడు. రాగి ఖరీదైన లోహం. ఒక్కో అక్షరాన్నీ ఉలితో తొలవాలి. అంత శ్రమ పాట కోసం పడ్డారు!

తర్వాత ఆ రేకులను శతాబ్దాల పాటు పట్టించుకున్నవారు లేరు.

ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని ఓపికగా చదివి, పరిష్కరించి, అచ్చు వేయించారు. దేవస్థానం ఆ ప్రచురణ బాధ్యత తీసుకుంది. తెలుగుజాతి వీరికి ఎంతో రుణపడి ఉంది.

అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రచించాడని సంప్రదాయం చెబుతుంది. నేడు దొరుకుతున్నవి అందులో సగం కూడా లేవు. దొరికిన వాటిలోనూ రాగం పేరుంది, స్వరాలు లేవు. అందుకే ఇవాళ మనం వినే వరుసల్లో చాలావరకు రాళ్లపల్లి వారు, ఆ తర్వాతి సంగీతజ్ఞులు కట్టినవే. రాగి సాహిత్యాన్ని కాపాడింది, అన్నమయ్య గొంతులోని వరుసను కాపాడలేకపోయింది.