నేల టికెట్టు జానపదాలు

మా కాట్రేనికోనలో రెండో ఆట వదిలేసరికి అర్ధరాత్రి దాటేది. పల్లం వైపు, కందికుప్ప వైపు పోవాల్సినవాళ్ళంతా గుంపు కట్టేవారు. వచ్చేటప్పుడు ఎవరి దారిన వాళ్ళు వచ్చినా, తిరిగి వెళ్ళేటప్పుడు కొబ్బరితోటల్లో ఒంటరిగా నడిచే మగాడు లేడు. అప్పుడే విఠలాచార్య సినిమాలో దెయ్యాన్ని చూసొచ్చారు మరి!

మొన్న సంక్రాంతికి వచ్చిన మా మనవడు ఫోనులో ఏదో పాత జానపదం పెట్టుకుని పడీ పడీ నవ్వుతున్నాడు. "తాతయ్యా, ఎగిరేవాడికి కట్టిన తీగ కనిపించేస్తోంది!" అన్నాడు. కనిపిస్తే కట్టెయ్యరా అన్నాను. "ఉండండి, వీడు తరవాతేం చేస్తాడో చూడాలి" అన్నాడు. తీగ కనిపించినా కట్టెయ్యబుద్ధి కాలేదంటే దాని వెనక ఏదో ఉండాలి.

చవగ్గా తీసిన సాహస చిత్రాలు మనవాళ్ళే కనిపెట్టినవి కావు. బొంబాయిలో వాడియా సోదరులు 1935లోనే 'హంటర్‌వాలీ'తో నాడియా చేతికి కొరడా ఇచ్చారు. అమెరికాలో రోజర్ కోర్మన్ రోజుల లెక్కన సినిమాలు చుట్టేశాడు. తెలుగులో జానపదం మాత్రం దొరబిడ్డలాగే పెరిగింది. 1949లో 'కీలుగుర్రం' తీసింది మీర్జాపురం రాజావారు. 1951లో 'పాతాళభైరవి' తీసింది విజయావారు, దర్శకుడు కె.వి. రెడ్డి, కెమెరా మార్కస్ బార్ట్‌లీ. ఆ వైభవం చూసి, అంత డబ్బు లేనివాడు జానపదం జోలికి పోకూడదనే అనుకోవాలి.

అయినా ఆ జోలికి పోయినవాడు బి. విఠలాచార్య. 1920లో ఉడుపి ప్రాంతంలో పుట్టాడు. అరసికెరెలో హోటలు నడిపాడు, స్నేహితులతో కలిసి టూరింగ్ టాకీసు నడిపాడు. నా దృష్టిలో ఆయన సినిమాలకు తాళంచెవి ఈ టాకీసే. డేరాలో నేల మీద కూర్చున్నవాడు విసుగు పుడితే లేచి బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోతాడు. వాణ్ణి పోనివ్వకుండా పట్టుకోవడం ఎలాగో టిక్కెట్లు అమ్మినవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? 1955లో 'కన్యాదానం'తో తెలుగులోకి వచ్చాడు. అది సాంఘికం. 1959లో 'జయ విజయ'తో జానపదంలో కుదురుకున్నాడు, అందులో కత్తి పట్టింది కాంతారావు. కోదాడ దగ్గర గుడిబండలో పుట్టిన ఆ మనిషి ఆ తరవాత జన్మంతా 'కత్తి కాంతారావే'.

తరవాత పదిహేనేళ్ళూ వరస. పేర్లు చూడండి: 'అగ్గిపిడుగు' (1964), 'అగ్గివీరుడు' (1969). 'జ్వాలాద్వీప రహస్యం' (1965), 'గండికోట రహస్యం' (1969), 'రాజకోట రహస్యం' (1971). ఒక కథకు ఇంకో కథ కొనసాగింపు కాదు. పేరే కొనసాగింపు. గోడ మీద 'రహస్యం' అని కనబడితే చాలు, లోపల రాజకుమారి, మాంత్రికుడు, గుహ, కత్తియుద్ధం ఉంటాయని మా నేల టికెట్టువాడికి ముందే తెలుసు. కొత్త సినిమాలు అమలాపురంలో ఆడి, అరిగి, గీతలు పడి మాకు చేరేవి. సాంఘికమైతే అప్పటికి పాతబడిపోయేది, జానపదానికి ఆ బెంగ లేదు. రాజుల కాలం కథ ఆరు నెలలు ఆలస్యమైతే ఏమిటి?

పొదుపు సంగతి చెప్పుకోవాలి. ఒకే సెట్టు తెరలు మార్చి నాలుగు కోటలయ్యేదంటారు. నటుడు డేట్లివ్వకపోతే ఆ పాత్రను చిలకగానో మేకగానో మార్చేసేవాడనే కథ పరిశ్రమలో ఇప్పటికీ తిరుగుతోంది. నిజమెంతైనా, అది పుట్టడంలోనే ఆయన పద్ధతి తెలుస్తుంది. మాయాజాలమంతా చేతిపని. కెమెరా ఆపి, మనిషిని పక్కకు తప్పించి, మళ్ళీ తిప్పితే మాయం. లెన్సు సగం మూసి ఒక వైపు తీసి, ఫిల్ము వెనక్కి చుట్టి రెండో వైపు తీస్తే ఒక్క ఎన్టీఆర్ ఇద్దరు. 'అగ్గిపిడుగు'లో ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడికి నొప్పి పుట్టే ఆ ఇద్దరూ ఇలా పుట్టినవాళ్ళే. అన్నట్టు ఆయన సినిమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన 'బందిపోటు' (1963)లో మంత్రాలు దాదాపు లేనే లేవు. ఘంటసాల పాటలూ ఎన్టీఆర్, కృష్ణకుమారీ చాలు.

1978లో 'జగన్మోహిని' వచ్చింది. దెయ్యం పొయ్యి ముందు కూర్చుని, కట్టెలకు బదులు కాళ్ళు పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. అది చూసి మా ఆడవాళ్ళు జడుసుకోలేదు, నవ్వారు. రోజూ కొబ్బరి డొక్కలూ మట్టలూ ఏరుకొచ్చి, వానాకాలం తడికమ్మలు ఊదలేక కళ్ళు మండించుకునేవాళ్ళు వాళ్ళు. "దాని పనే హాయమ్మా, పొయ్యిలోకి వెతుక్కోనక్కర్లేదు" అంది మా మేనత్త. ఇంత తేలిగ్గా మన వంటింట్లోకి వచ్చిన దెయ్యం మరొకటి లేదు.

అలాగని అన్నీ నెత్తిన పెట్టుకోమనను. జగన్మోహిని తరవాత వచ్చినవాటిలో మాయలు తగ్గి డాన్సులు పెరిగాయి. లావుపాటివాళ్ళ మీద, పొట్టివాళ్ళ మీద వేసిన హాస్యం ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. నేను ముందుకు జరిపేస్తాను, మీరూ జరిపెయ్యండి.

అదే రోజుల్లో సాహస చిత్రాల్లో ఇంకో పాయ కూడా నడిచింది. 1966లో 'గూఢచారి 116'తో కృష్ణ తుపాకీ పట్టాడు. మరుసటేడు హిందీలో 'ఫర్జ్'గా దాన్ని తీసినవాడు రవికాంత్ నగాయిచ్. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' గుర్రమెక్కింది. 2023లో కృష్ణ పుట్టినరోజుకు దాన్ని మళ్ళీ విడుదల చేస్తే కుర్రాళ్ళు హాలులో ఈలలు వేశారు.

విఠలాచార్య 1999లో, కాంతారావు 2009లో పోయారు. 'అమ్మోరు' (1995) గ్రాఫిక్స్ తెచ్చింది, 'బాహుబలి' (2015) కోటను ఆకాశానికెత్తింది. అయినా మా మనవడి ఫోనులో తీగ కనిపించే సినిమా ఎందుకు ఆడుతోంది? ఫోను చూసేవాడు కూడా నేల టికెట్టువాడే కనక. వేలితో ఒక్క తోపు తోస్తే ఇంకో బొమ్మ. పది నిమిషాలకొక వింత జరక్కపోతే ఉండడు. ఆ మనిషిని పట్టుకునే విద్య విఠలాచార్య డేరాలో నేర్చుకున్నాడు. రెండోది, తీగ కనబడితే ఈ పని నేనూ చెయ్యగలననిపిస్తుంది. మా మనవడు ఆ సాయంత్రమే చెల్లెల్ని అరుగు మీద నిలబెట్టి, ఫోను ఆపి తీసి మాయం చేశాడు. మూడుసార్లు కుదరలేదు, నాలుగోసారి పిల్ల మాయమైంది.

ఆ రోజుల్లో హాలు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. కథ సంక్షిప్తంగా వేసి, చివర 'మిగతా వెండితెరపై చూడండి' అని ఊరించేవారు. మా ఇంట్లోవి 1996 నవంబరు తుపానుకు తడిసి ముద్దయిపోయాయి. కోనసీమలో ఎవరి అటక మీదైనా అలాంటివి మిగిలుంటే పాత కాగితాలకు వెయ్యకండి. పిల్లల చేత ఫొటోలు తీయించి దాచండి.